కొత్త పాటా? ఎంత ధైర్యం!

హార్డ్ రాక్ బ్యాండులోంచి బయటికొచ్చిన మనిషికి చేసుకోవడానికి పనులు బోలెడున్నాయి. ఆత్మకథ రాసుకోవచ్చు. పాత మిత్రుల మీద కోర్టుకెక్కవచ్చు. సామీ హేగర్‌లా టెకీలా వ్యాపారం పెట్టి, దాన్ని కోట్ల డాలర్లకు అమ్ముకోవచ్చు. వీటిలో దేనికీ అభిమాని అడ్డు చెప్పడు. ఆత్మకథయితే రెండు ప్రతులు కొంటాడు. ఒకటి చదవడానికి, రెండోది ప్లాస్టిక్ తొడుగు చింపకుండా దాచడానికి. ఆ మనిషి చేయకూడని నేరం ఒక్కటే. కొత్త పాట.

చేశాడో, పట్టుబడ్డట్టే. పాట నిడివి నాలుగు నిమిషాలు. తీర్పు నలభయ్యో సెకనుకే వచ్చేస్తుంది. మిగతా మూడు నిమిషాల ఇరవై సెకన్లూ తీర్పుకు కారణాలు వెతుక్కోవడానికి. పాట పాత ధోరణిలో ఉందా, 'సరుకైపోయింది, రుబ్బిన పిండే రుబ్బుతున్నాడు.' కొత్త దారి పట్టిందా, 'పొగరెక్కింది, ఎక్కడి నుంచి వచ్చాడో మర్చిపోయాడు.' రెండూ కాస్త కాస్త ఉన్నాయా, 'ఎటూ తేల్చుకోలేకపోయాడు పాపం.' కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. ఇక్కడ కప్పా పామూ ఒక్కడే. నల్ల టీషర్టు వేసుకుని ఉంటాడు.

ఈ పీడను ఆసాంతం అనుభవించినవాళ్ళు గన్స్ ఎన్ రోజెస్ మాజీలు. 1987లో 'యాపెటైట్ ఫర్ డిస్ట్రక్షన్' చేసిన ఆ ఐదుగురూ కలిసి ఉన్నది మహా అయితే ఐదేళ్ళు. 1990లో డ్రమ్మర్ స్టీవెన్ ఆడ్లర్‌ను పంపించేశారు, మరుసటి ఏడు ఇజ్జీ స్ట్రాడ్లిన్ తనంతట తనే వెళ్ళిపోయాడు, 1996లో గిటారిస్టు స్లాష్. విడిపోయాక వాళ్ళు బతికిన కాలం ముప్ఫై ఏళ్ళ పైమాట. అభిమాని లెక్కలో మాత్రం ఆ ఐదేళ్ళే బతుకు. తక్కినదంతా కర్మకాండ.

ఇజ్జీనే చూడండి. 1992లో జుజు హౌండ్స్ అనే జట్టుతో ఒక ఆల్బమ్ తెచ్చాడు. ఆ గూటి నుంచి ఎగిరినవాళ్ళు విడిగా చేసిన వాటిలో నా ఓటు దానికే. తొందర లేని గిటారు, అరుపులు లేని గొంతు, మధ్యలో ఒక రెగే పాట. అభిమాని బుద్ధిగా విన్నాడు. 'బాగానే ఉంది. యాక్సెల్ పాడి ఉంటేనా...' అని గన్స్ గాయకుణ్ణి తలుచుకుని నిట్టూర్చాడు. అంతే సంగతులు. ఇజ్జీ ఆ తర్వాత కూడా ఆల్బమ్‌లు చేస్తూనే ఉన్నాడు. వాటిలో కొన్నింటిని దుకాణాల దాకా పంపకుండా ఇంటర్నెట్‌లో పెట్టేసి ఊరుకున్నాడు. మనిషి తెలివైనవాడు.

స్లాష్‌కు అంత తెలివి లేదు, మనుషులు వింటారనుకున్నాడు. 1995లో స్నేక్‌పిట్ పేరుతో అతను తెచ్చిన పాటల్లో చాలామటుకు గన్స్ కోసమే కట్టినవి. యాక్సెల్ రోజ్‌కు నచ్చలేదు. వద్దన్న పాటలను వేరే గాయకుడితో పాడించి విడుదల చేస్తే, 'ఇవి గన్స్ పాటలు కావు' అని అభిమాని కొట్టిపారేశాడు. యాక్సెల్ ఆ రోజు సరేనని తలూపి ఉంటే? అవే తీగలు, అవే వేళ్ళు, అవే రిఫ్‌లు. వాటికే గుడి కట్టి ఉండేవాడు.

అసలు కిటుకు ఇక్కడుంది. అభిమాని చెవితో వినడు. కవరు మీద పేరు చదివి, అందులో ఎవరున్నారో ఎవరు లేరో లెక్కపెట్టుకుని, అప్పుడు చెవికి కబురు పెడతాడు. చెవి పాపం కింది ఉద్యోగి. పైనుంచి వచ్చిన ఫైలు మీద సంతకం పెట్టడమే దాని పని.

నమ్మకపోతే బర్మింగ్‌హామ్ వైపు రండి. 1983లో ఆ ఊరి బ్యాండు బ్లాక్ సబ్బాత్‌కు గాయకుడు కరువైతే, డీప్ పర్పుల్ మాజీ ఇయాన్ గిలన్ వచ్చి 'బోర్న్ అగైన్' పాడాడు. సబ్బాత్ అభిమానికి అతను పరాయివాడు, పర్పుల్ అభిమానికి ఫిరాయింపుదారు. ఆ టూరుకు స్టోన్‌హెంజ్ రాళ్ళను వేదిక మీద నిలబెట్టాలనుకున్నారు. అడుగుల లెక్క మీటర్ల లెక్కలో కలిసిపోయిందని చెప్పుకుంటారు గానీ, మొత్తానికి చాలా వేదికల మీద పట్టనంత రాళ్ళు తయారయ్యాయి. కచేరీ చివర్లో సబ్బాత్ వాళ్ళు ఏకంగా 'స్మోక్ ఆన్ ద వాటర్' వాయించారు. కొత్త ఆల్బమ్ అమ్ముకోవడానికి బయల్దేరిన బ్యాండు, కొత్తగా వచ్చిన గాయకుడి పాత బ్యాండు పాట వాయించి జనాన్ని ఇంటికి పంపాల్సి వచ్చింది.

మూడేళ్ళకు ఇంకా తమాషా. గిటారిస్టు టోనీ అయోమీ 'సెవెంత్ స్టార్' పేరుతో తన సొంత ఆల్బమ్ చేసుకున్నాడు. సొంత పేరుతో అమ్ముడుపోదని రికార్డు కంపెనీ పట్టుబట్టి, కవరు మీద బ్లాక్ సబ్బాత్ అని ముద్రించి, కింద టోనీ అయోమీ పేరు తగిలించింది. 'ఇది సబ్బాతేమిటి' అని అభిమాని విరుచుకుపడ్డాడు. నిజమే, కాదు. ఆ మాట చేసినవాడే ముందు చెప్పాడు. అయోమీ పేరుతోనే వచ్చి ఉంటే, గ్లెన్ హ్యూస్ గొంతుకు పదిమంది చప్పట్లు కొట్టేవాళ్ళు. నిజానికి అది వినదగిన ఆల్బమే. ఇరవై ఏళ్ళ తర్వాత, 2006లో, ఇదే నాటకం తిరగేసి ఆడారు. 1981లో 'మాబ్ రూల్స్' చేసిన నలుగురూ మళ్ళీ కలిశారు. ఈసారి పేరు సబ్బాత్ కాదు, హెవెన్ అండ్ హెల్. అదే అయోమీ, బేస్ మీద అదే బట్లర్, మైకు ముందు అదే డియో, డ్రమ్స్ మీద అదే విన్నీ అపీస్. పేరు మారింది గనక సబ్బాత్ తొలి గాయకుడు ఆజీ ఎక్కడని ఎవరూ అడగలేదు. పోలిక తప్పింది, పాట వినిపించింది.

గన్స్ ఊరు లాస్ ఏంజెలెస్‌కు తిరిగొద్దాం. అక్కడ బ్యాండు పేరు దక్కించుకున్నవాడి గతి ఇంకా ఘోరం. మిగతావాళ్ళందరూ వెళ్ళిపోయాక కీబోర్డు వాయించే డిజ్జీ రీడ్ తప్ప పాత ముఖమే మిగల్లేదు. యాక్సెల్ తన బ్యాండుకు తనే మాజీలా తయారయ్యాడు. అతను 'చైనీస్ డెమోక్రసీ' చేయడానికి పదేళ్ళకు పైనే పట్టింది. ఖర్చు 1.3 కోట్ల డాలర్లని పత్రికలు లెక్కగట్టాయి. ఒక దశలో గిటారు వాయించింది బకెట్‌హెడ్ అనే విద్వాంసుడు. ముఖానికి తెల్ల ముసుగు, నెత్తిన వేయించిన కోడి అమ్మే బకెట్టు. అభిమాని మండిపడ్డాడు. మండడానికి కారణం వాయిద్యం కాదు. నెత్తిన ఉండాల్సింది స్లాష్ టోపీ గదా, బకెట్టేమిటని.

2008 మార్చిలో డాక్టర్ పెప్పర్ కూల్‌డ్రింకు కంపెనీ పందెం కాసింది. ఈ ఏడాదిలోగా ఆల్బమ్ వస్తే అమెరికాలో ప్రతి ఒక్కరికీ ఒక డబ్బా ఉచితం, ఇద్దరికి తప్ప. స్లాష్‌కీ, బకెట్‌హెడ్‌కీ. బ్యాండు వదిలినవాడికి దాహం కూడా తీరకూడదనే శాసనం కూల్‌డ్రింకులవాళ్ళకు సైతం కంఠతా వచ్చన్నమాట. నవంబరు 23న ఆల్బమ్ నిజంగానే వచ్చేసింది. కూపన్ల కోసం జనం ఎగబడేసరికి కంపెనీ వెబ్‌సైటు చతికిలబడింది, యాక్సెల్ లాయరు ఘాటుగా ఉత్తరం రాశాడు. దశాబ్దం పైగా ఎదురుచూసిన పాటల కంటే అందని కూల్‌డ్రింకు గురించే ఎక్కువ గొడవ జరిగింది.

ఈలోగా స్లాష్, గన్స్‌లో అతని పాత జతగాళ్ళు డఫ్ మెకేగన్, మ్యాట్ సోరమ్ కలిసి, స్టోన్ టెంపుల్ పైలట్స్ గాయకుడు స్కాట్ వీలండ్‌ను పట్టుకొచ్చి వెల్వెట్ రివాల్వర్ కట్టారు. గొంతు మనది కాదని వీళ్ళ అభిమానులు, గిటారు మనది కాదని వాళ్ళ అభిమానులు. ఇద్దరూ తిట్టుకుంటూనే కొన్నారు. 2004లో వచ్చిన 'కాంట్రాబ్యాండ్' మొదటి వారమే బిల్‌బోర్డ్‌లో ఒకటో స్థానానికి ఎక్కింది, ఒక పాటకు గ్రామీ కూడా వచ్చింది. రికార్డు కంపెనీలు ఈ పాఠాన్ని శ్రద్ధగా నేర్చుకున్నాయి. అభిమాని తిట్టు నష్టం కాదు. వాడు కొన్నాకే తిడతాడు, సరిగ్గా తిట్టడానికి మళ్ళీ కొంటాడు.

2012 ఏప్రిల్‌లో క్లీవ్‌లాండ్‌లో గన్స్ ఎన్ రోజెస్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. రానని యాక్సెల్ మూడు రోజుల ముందే బహిరంగ లేఖ రాశాడు. సభలో అతని పేరెత్తగానే హాలంతా హేళనగా అరిచింది. అదే ఏడు, పాతవాళ్ళతో మళ్ళీ ఎప్పుడు కలుస్తారని ఒక విలేఖరి అడిగితే, ఈ జన్మలో కాదు పొమ్మన్నాడు. నాలుగేళ్ళకు కలిశాడు. టూరుకు పేరేం పెట్టారనుకున్నారు? ఈ జన్మలో కాదు అనే! జనాన్ని ఏ మాటతో కసిరాడో ఆ మాటే టికెట్టు మీద అచ్చేసి అమ్మారు. 58 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది. హేళన చేసిన గొంతులే మొదటి వరుసలో నిలబడి పల్లవి అందుకున్నాయి. ఇజ్జీ మాత్రం రాలేదు. సొమ్ము సమానంగా పంచడానికి వాళ్ళు ఒప్పుకోలేదని తేటగా చెప్పేశాడు. ఈ మొత్తం చరిత్రలో సూటిగా పలికిన మాట అదొక్కటే అనిపిస్తుంది నాకు.

మనవాళ్ళు తక్కువేం తినలేదు. 2012 డిసెంబరులో యాక్సెల్ తన కొత్త జట్టుతో బెంగళూరు, ముంబయి, గుర్‌గావ్ వచ్చినప్పుడు హైదరాబాదు నుంచి రాత్రి బస్సెక్కి బెంగళూరు వెళ్ళొచ్చిన కుర్రాళ్ళు ఏమన్నారు? 'అంతా బాగుంది, స్లాష్ లేడు.' 2025 మేలో ముంబయి మహాలక్ష్మి రేస్‌కోర్స్‌లో స్లాష్ ఉన్నాడు, డఫ్ ఉన్నాడు. ఇప్పుడేమన్నారు? 'అంతా బాగుంది, యాక్సెల్ గొంతు పోయింది.' అరవై మూడేళ్ళ మనిషి పాతికేళ్ళ కీచుగొంతు ఇంట్లో మర్చిపోయి వచ్చినట్టు!

తిరిగి కలిశాక కొత్త పాటేదని నెత్తీనోరూ బాదుకున్నారు గదా, 2021లో 'అబ్సర్డ్' వచ్చింది. దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వితే 2001లో స్లాష్ లేని బ్యాండు వేదిక మీద వాయించిన 'సిల్క్‌వర్మ్స్' తేలింది. ఆనాడు అభిమాని ముక్కు మూసుకున్న పాటే. ఇప్పుడు స్లాష్ వేళ్ళు తగిలాయి గనక సగంమంది దాన్ని అసలైన గన్స్ అన్నారు. మిగతా సగం చద్దన్నానికి తాలింపు అన్నారు. పాట ఎలా ఉందన్న ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ తీరిక దొరకలేదు.

వాన్ హేలెన్ అభిమానిది ఇంకో రకం జబ్బు. 1985లో గాయకుడు డేవిడ్ లీ రాత్ వెళ్ళిపోయి, ఆ టెకీలా సామీ హేగర్ వచ్చాడు. 'ఇది వాన్ హేలెన్ కాదు, వాన్ హేగర్' అని వెక్కిరించారు. వెక్కిరిస్తుండగానే 1986లో వచ్చిన '5150' ఒకటో స్థానం కొట్టింది, రాత్ ఉండగా బ్యాండు ఆల్బమ్ ఏదీ చేరని చోటు. రాత్ అదే ఏడు స్టీవ్ వై లాంటి గిటారిస్టును వెంటేసుకుని తన ఆల్బమ్ తెచ్చాడు, అదే ఆల్బమ్‌ను స్పానిష్‌లోనూ పాడాడు. తమకు తెలిసిన భాషలో తిట్టడానికి అభిమానులకు తీరిక చాలదనుకున్నాడేమో. 2002లో అయితే రాత్, హేగర్ ఇద్దరూ కలిసి టూరుకెళ్ళారు, వాన్ హేలెన్ లేకుండా. పెళ్ళికొడుకు లేని పెళ్ళికి ఇద్దరు మాజీ పెళ్ళికూతుళ్ళన్నమాట.

అభిమాని ప్రతిసారీ తప్పని నేను వాదించను. 1998లో గ్యారీ చెరోన్ గాయకుడిగా చేసిన 'వాన్ హేలెన్ 3' నేను రెండుసార్లు విన్నాను. మూడోసారి వినమని మా శత్రువుకు కూడా చెప్పను. కానీ 2012 సంగతి చెప్పండి. రాత్ తిరిగొచ్చాడు, 'ఎ డిఫరెంట్ కైండ్ ఆఫ్ ట్రూత్' వచ్చింది. డెబ్భైల నాటి వాన్ హేలెన్ కావాలని పాతికేళ్ళుగా పోరుపెట్టారు గదా. వాళ్ళు నిజంగానే డెబ్భైల్లో తయారుచేసి మూలపడేసిన పాటల ముక్కలను తీసి, దుమ్ము దులిపి, సాపు చేసి ఇచ్చారు. కోరిక ఇంత అక్షరాలా ఏ దేవుడూ తీర్చి ఉండడు. మరి భక్తుడేమన్నాడు? 'బద్ధకస్తులు. పాతవి తవ్వి ఇచ్చారు.'

ఆ బ్యాండులో 2007 నుంచి బేస్ వాయించింది గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ కొడుకు వుల్ఫ్‌గ్యాంగ్, అప్పటికి పదహారేళ్ళవాడు. 2020లో తండ్రి పోయాక మ్యామత్ పేరుతో సొంత ఆల్బమ్ తెచ్చాడు. గిటారు, బేస్, డ్రమ్స్, గొంతు అన్నీ తనవే. తన కచేరీల్లో తండ్రి పాటలు వాయించడు. 'తండ్రి పాట వాయించని కొడుకేం కొడుకు' అన్నారు. వాయిస్తే 'తండ్రి పేరమ్ముకుంటున్నాడు' అనేవాళ్ళు. ఆ కుర్రాడు తిట్టినవాళ్ళకు ఓపిగ్గా, వెటకారంగా జవాబులిస్తుంటాడు. ఆ జవాబులకున్నంత గిరాకీ పాటలకు ఉంటే బాగుండును.

ఇదంతా వేదిక ఎక్కినప్పుడు కళ్ళారా చూడాలి. గాయకుడు మైకు దగ్గరికొచ్చి, ఆల్బమ్ నుంచి ఒక కొత్త పాట అంటాడు. ఆ మాట పూర్తికాకముందే ఇరవై వేల మందికి ఏకకాలంలో మూత్రం వస్తుంది. సెల్‌ఫోన్లు జేబుల్లోకి, జేబుల్లోని పర్సులు చేతుల్లోకి. బీరు కౌంటరు ముందు క్యూ మలుపు తిరుగుతుంది. 1988 టూరు టీషర్టు పొట్టమీద బిగిసి, అచ్చులోని పుర్రెకు బుగ్గలు వచ్చిన ఒక పెద్దమనిషి, రెండు గ్లాసులు పట్టుకుని పక్కవాడికి చెబుతుంటాడు, 'వీళ్ళిప్పుడు ఏం చేస్తున్నారో వినాలని కూడా లేదు.' వినకుండానే చెబుతున్నాడని అనుకోకండి. కౌంటరు దగ్గరికి బేస్ చప్పుడు వస్తుంది, అది చాలు. అటు వేదిక మీద గిటారిస్టు రెండేళ్ళు కూర్చుని కట్టిన సోలోను వీపులకు వినిపిస్తుంటాడు. అది ముగుస్తుంది. తర్వాతి పాటకు పాత రిఫ్, మొదటి మూడు స్వరాలు. అంతే, గ్లాసులు ఒలుకుతూ, కాళ్ళు తొక్కుకుంటూ, కళ్ళ నీళ్ళతో పరుగు.

ఈ పరుగు చూసి విసిగి పారిపోయినవాడు ఒకడున్నాడు, రిచీ బ్లాక్‌మోర్. 'స్మోక్ ఆన్ ద వాటర్' రిఫ్ కట్టిన చెయ్యి అది. అభిమాని తనను ముప్ఫై ఏళ్ళు వెనక్కి లాగుతున్నాడని గ్రహించి, తనే ఏకంగా నాలుగైదు వందల ఏళ్ళు వెనక్కి దూకి కూర్చున్నాడు. 1997 నుంచి క్యాండిస్ నైట్‌తో కలిసి బ్లాక్‌మోర్స్ నైట్ పేరుతో యూరప్ పునరుజ్జీవన కాలపు బాణీలు వాయిస్తున్నాడు. కోటల్లో కచేరీలు, ప్రేక్షకులూ ఆ కాలపు వేషాలు కట్టుకొస్తారు. అలా వేషం కట్టుకొచ్చిన వాళ్ళలో కూడా ఒకడు లేచి 'స్మోక్!' అని కేకేయకుండా ఉండడు. పదహారో శతాబ్దంలో దాక్కున్నా వదలరు.

చివరగా నలుగురున్న కిస్ బ్యాండు. 1978 సెప్టెంబరు 18న ఆ నలుగురూ ఒకే రోజు నాలుగు సొంత ఆల్బమ్‌లు విడుదల చేశారు. కాసాబ్లాంకా కంపెనీ ఒక్కొక్కటి పది లక్షలకు పైగా దుకాణాలకు తోలింది, కుప్పలు తెప్పలుగా వెనక్కొచ్చాయి. నోరున్న జీన్ సిమన్స్, పాల్ స్టాన్లీ గెలుస్తారని అందరూ అనుకుంటే, పెద్ద హిట్టు కొట్టింది మాట్లాడని గిటారిస్టు ఏస్ ఫ్రేలీ 'న్యూయార్క్ గ్రూవ్'. ఏస్ 1982లో బ్యాండు వదిలాడు, మధ్యలో కొన్నాళ్ళు తిరిగొచ్చి మళ్ళీ పోయాడు. అతని ముఖం మీది వెండిరంగును టామీ థేయర్ ముఖానికి పూసి బ్యాండు ఇరవై ఏళ్ళు నడిపింది. అభిమానులు దొంగ ముఖమని తిట్టారు, టికెట్లు మాత్రం కొన్నారు. ఏస్ 2024లో కూడా '10,000 వోల్ట్స్' అనే ఆల్బమ్ చేశాడు. 2025 అక్టోబరులో పోయాడు. నివాళుల్లో మోగింది 1978 నాటి పాటే.

2023 డిసెంబరు 2న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కిస్ ఆఖరిదని చెప్పి కచేరీ చేసింది. బ్యాండు దిగిపోగానే తెర మీద నాలుగు డిజిటల్ బొమ్మలు లేచాయి, ఇకమీదట కిస్ ఇవేనన్నారు. వీటికి ముసలితనం రాదు, గొంతు పోదు. వాటా అడగవు, అలిగి పోవు, సొంత జట్టు కట్టవు, కొత్త పాట రాద్దామన్న దుర్బుద్ధి ఛస్తే పుట్టదు. అభిమాని నలభై ఏళ్ళుగా కోరుకుంటున్న బ్యాండు ఇన్నాళ్ళకు దొరికింది. టికెట్లు పెట్టగానే కొనేసుకోండి. ఈసారి బీరు కోసం మధ్యలో లేవాల్సిన పని కూడా లేదు.